అంబాజీపేట దగ్గర మా మండువా లోగిలి: అమ్మేసే ముందు దీని చరిత్ర తెలుసుకోవాలని ఉంది

కౌశికతీరం
అందరికీ నమస్కారం. కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెలో మాకు ఉమ్మడి మండువా లోగిలి (మధ్యలో కప్పు లేని మండువా, దాని చుట్టూ గదులు ఉండే పాత పెంకుటిల్లు) ఉంది. వాటాదారులు తొమ్మిది మంది, ఊళ్లో ఉంటున్నది మా పెద్దత్త ఒక్కరే. ఈమధ్య పాత కలప కొనే వ్యాపారి వచ్చి స్తంభాలు, దూలాలు, తలుపులు అన్నీ కలిపి ఒక రేటు చెప్పి వెళ్లాడు. ఇచ్చేసి స్థలం పంచుకుందామని ఎక్కువమంది అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. కానీ "ఎందుకు వద్దు?" అని అడిగితే గట్టిగా చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇల్లు తూర్పు ముఖం. వీధి అరుగులు రెండు, నడవా, మండువా చుట్టూ వసారా, పన్నెండు టేకు స్తంభాలు. ఉత్తరం వైపు ధాన్యం కొట్టు. పెరట్లో నుయ్యి, సగం కప్పు పోయిన పశువుల శాల, పురులు (వరిగడ్డి చుట్టి ధాన్యం దాచేవి) కట్టే ఎత్తు దిమ్మ, ఆ వెనక కొబ్బరితోట. సింహద్వారం పై చెక్క మీద "ఆంగీరస నామ సం॥ వైశాఖ మాసము" అని చెక్కి ఉంది. అంకెల్లో సంవత్సరం లేదు. ఎప్పుడు కట్టి ఉంటారు? ఇలాంటి ఇంటికి వారసత్వ విలువ అని ఏమైనా ఉంటుందా, లేక మాకు మాత్రమే గొప్పా?

గోదారిగట్టు
ఆంగీరస అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1872–73, 1932–33, 1992–93. మూడోది ఎలాగూ కాదు. 1812 కూడా ఒక ఆంగీరసే కానీ, మీరు చెప్పిన పరిమాణంలో ఇల్లు అప్పటిదని నేననుకోను. కారణం నీళ్లు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు ఈ డెల్టా ఇప్పుడున్నట్టు లేదు. 1832–33లో వచ్చిన నందన కరువుకి గుంటూరు సీమ ఖాళీ అయిపోయింది, గోదావరి జిల్లాల్లోనూ జనం అల్లాడారు. 1839 తుఫాను కోరంగి, కాకినాడ తీరాన్ని తుడిచిపెట్టింది. కాటన్ కాలువలు వచ్చాకే మాగాణి స్థిరపడింది. పంట మిగిలింది, మిగిలిన దాన్ని దాచడానికి కొట్లు కావాల్సి వచ్చాయి. కాలువలు సాగుకే కాదు, సరుకు మోయడానికీ పనికొచ్చాయి. లాకులు దాటుకుంటూ పడవలు ధాన్యం తీసుకెళ్లి కలప, పెంకులు తెచ్చేవి. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్ట్ (నది మీదుగా కాలువని దాటించే వంతెన) కట్టి నదికి అవతల ఉన్న లంకలకూ కాలువ నీళ్లు ఇచ్చారు. మన వైపు మండువా ఇళ్లు ఇంత దట్టంగా ఉండడం వెనక ఉన్న డబ్బు ఆ నీళ్లదే.

కాబట్టి మీది 1872 కావచ్చు, 1932 కావచ్చు. ఏదో తేల్చాలంటే ఇల్లే చెప్పాలి.

సున్నంగానుగ
నేను ఆర్కిటెక్ట్‌ని, పాత ఇళ్ల మరమ్మతు పనులు చేస్తుంటాను. కౌశికతీరం గారూ, ఇవి చూసి చెప్పండి.

పెంకు ఒకటి తీసి వెనక్కి తిప్పండి. బంగాళా పెంకు అయితే కంపెనీ పేరు, ఊరు అచ్చు పోసి ఉంటాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ఆ తర్వాతే ఈ రకం పెంకు మిగతా చోట్లకి పాకింది. అంతకు ముందంతా కుమ్మరి చేసిన గూనపెంకు, లేదా తాటాకు. అయితే పెంకు ఒక్కదాన్ని నమ్ముకోకండి, తుఫాను వచ్చినప్పుడల్లా మారుస్తారు.

మేకులు చూడండి. కమ్మరి కొట్టినవి నలుచదరంగా ఉంటాయి, తల ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటుంది. మిషన్ మేకులు గుండ్రంగా ఒకే కొలతలో ఉంటాయి. దూలం కింద నిలబడి చూస్తే కనపడవు. పాత తలుపు బందుల దగ్గర, మెట్ల కింద, కొట్టు లోపల వెతకండి. అలాంటి చోట ఎవరూ మార్చరు.

గోడ పెచ్చు ఊడిన చోట సున్నం కొద్దిగా చేత్తో నలిపి చూడండి. లోపల తెల్లటి గుల్ల ముక్కలు తగిలితే అది నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చి చేసిన సున్నం. సముద్రం దగ్గర ఊళ్లలో ఎక్కువగా అదే వాడేవారు.

శాన్‌హోజె_తెలుగు
నా అనుభవం చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మాదీ ఇలాంటి ఇల్లే, కృష్ణా జిల్లాలో. అమ్మొద్దని నేనే పట్టుబట్టాను. నాన్నగారు పోయాక తాళం వేసి వచ్చేశాం. మనుషులు లేని పెంకుటిల్లు ఎంతో కాలం ఆగదు. ఒక పెంకు జారింది, అక్కడ వాసం నానింది, చెద పట్టింది, మండువా వైపు కప్పు కూలింది. ఇప్పుడు కలప వ్యాపారి కూడా రావడం లేదు. తొమ్మిది మంది వాటాదారుల్లో నెలనెలా డబ్బు పెట్టేవాళ్లు ఎవరో ముందు తేల్చుకోండి. ఎవరూ లేకపోతే ఆ స్తంభాలు గట్టిగా ఉండగానే ఇచ్చేయడం మేలు. కనీసం ఇంకో ఇంట్లోనైనా నిలబడతాయి.

గోదారిగట్టు
మీ బాధ అర్థమైందండీ. మనుషులు మసలాలన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఇంకో ఇంట్లో నిలబడిన స్తంభం స్తంభమే, లోగిలి కాదు. ఈ పన్నెండు ఎక్కడికో వెళ్లి రిసార్టు వరండాలో నిలబడితే అక్కడ వాటి కింద ధాన్యం కొలవరు, పెళ్లి పందిరి వేయరు.

ఇంకో మాట. మనకి పేరున్న మనిషి పుట్టిన ఇల్లయితే విలువ వెంటనే తెలుస్తుంది. రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు అలాగే నిలిచింది. రైతు ఇంటికి ఆ అదృష్టం తక్కువ. ఒక్క లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి ఇల్లు అందరికీ తెలుసు. ఆవిడ 1841లో పుట్టారు, 1909లో పోయారు. వచ్చే పోయే బాటసారులకి వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. ఆ అన్నం వెనక ఉన్నది వాళ్ల పొలం, వాళ్ల ధాన్యం కొట్టు. అలాంటి వ్యవసాయపు ఇల్లు ఎలా పనిచేసేదో తెలియాలంటే కొట్టు, శాల, నుయ్యి, వంటిల్లు ఒకే చోట ఉండి చూపించాలి.

సీమమిద్దె
మా రాయలసీమ వైపు వాన తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి ఇల్లే వేరు. రాతి గోడలు, దూలాల మీద దంతెలు (అడ్డకర్రలు), పైన కట్టెలు పరిచి మట్టి వేసి చౌడుతో మెత్తుతారు. వానాకాలం ముందు మళ్లీ చౌడు వేయాలి, లేకపోతే కారుతుంది. వెలుతురుకి కప్పులో గవాక్షి. ధాన్యం నేలలో పాతరలో ఉండేది. గుంత చుట్టూ, అడుగునా గడ్డి పరిచి, జొన్నలు పోసి పైన మట్టితో మూసేవాళ్లు. తీసినప్పుడు వెంటనే దిగకూడదు, లోపల గాలి ఉండదు. అలా దిగి చనిపోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఎందుకు చెప్తున్నానంటే, మా ఊళ్లో మిద్దెలు మిగిలాయి గానీ పాతర ఒక్కటీ మిగల్లేదు. అన్నీ పూడ్చేశారు. ఇంటి ముఖం చూసి విలువ కట్టేవాళ్లు ధాన్యం దాచిన చోటుని లెక్కలోకి తీసుకోరు. మీ పురి దిమ్మ, మీ కొట్టు వదలొద్దు.

ఓరుగల్లువాడ
మా దిక్కు కొట్టులోనే గుమ్ములు ఉండేవి. వెదురుతో అల్లి లోపలా బయటా పేడతో అలికేవాళ్లు. మా అమ్మమ్మ ఇంట్లో మొగురాలు (స్తంభాలు), దర్వాజలు అన్నీ ఉన్నయి, గుమ్మి అల్లేటోళ్లు మాత్రం ఇప్పుడు ఊళ్లో లేరు.

చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర అని ఉంది, 1996లో తెరిచారు. నాలుగు రాష్ట్రాల పాత ఇళ్లు అక్కడ చూడొచ్చు. కొయ్యలగూడెం నేత ఇల్లు, ఉత్తరాంధ్ర హరిపురం చుట్టిల్లు ఉన్నాయి. ఆ చుట్టిల్లు గుండ్రంగా ఉండడం గాలివాన కోసం. గాలికి ఎదురు నిలిచే గోడ ఉండదు. వీలైతే ఒకసారి చూసి రండి అన్నా. సామాన్యుల ఇంటిని చూపించే పద్ధతి తెలుస్తది.

కౌశికతీరం
వారాంతంలో ఊరు వెళ్లి సున్నంగానుగ గారు చెప్పినవన్నీ చూశాను. ముందు వైపు పెంకుల మీద మంగుళూరు ముద్ర ఉంది. పెరటి వసారా మీద మాత్రం గూనపెంకు. వసారాలో మేకులన్నీ గుండ్రటివి. కానీ ధాన్యం కొట్టు తలుపుకి ఉన్నవి నలుచదరం, తలలు వంకరటింకరగా ఉన్నాయి. ఆ తలుపు లోపలి వైపు గీతలు గీసి ఉన్నాయి. ఐదేసి గీతలు గుంపులుగా, మధ్యలో అడ్డగీత. కొన్నిచోట్ల సున్నంతో, కొన్నిచోట్ల మేకుతో గీకినట్టు. పెద్దత్తని అడిగితే "ధాన్యం కొలిచినప్పుడు లెక్కకి గీసేవారురా" అంది. చిన్నప్పటి నుంచి ఆ తలుపు చూస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు.

సున్నంగానుగ
ఆ తలుపుకి రంగు వేయనివ్వకండి, కడగనివ్వకండి. ఈరోజే పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పెట్టి ఫొటోలు తీయండి. ఎదురుగా వెలుతురు పడితే గీతలు కనపడవు.

మీ ఇల్లు ఒకేసారి కట్టింది కాదనిపిస్తోంది. కొట్టు ముందుది, లోగిలి తర్వాతది. మన రైతులు అలాగే చేసేవారు. ముందు ధాన్యానికి గట్టి గోడ, తర్వాత మనుషులకి.

దస్తావేజు
కాగితాల సంగతి నేను చెప్తా. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) 1983 తర్వాతవే చూపిస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. ఊరి మధ్య ఇల్లు గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) కాబట్టి డైగ్లాట్‌లో (పాత భూముల రిజిస్టరులో) ఇంటింటికీ వివరం దొరకదు, మొత్తం ఒకే నంబరులో ఉంటుంది. మీకు పనికొచ్చేది పంపకాల దస్తావేజు. పాత పంపకాల్లో ఇంటిని చాలా వివరంగా రాసేవారు. తాటాకుదా పెంకుటిదా, ఎన్ని గదులు, నుయ్యిలో ఎవరికెంత, గడ్డిమేటు చోటు ఎవరిది, బండి దారి ఎటు, అన్నీ. హద్దుల్లో పక్కవాళ్ల పేర్లూ ఉంటాయి. ఇంట్లో ట్రంకు పెట్టెలు వెతకండి.

1973 భూపరిమితి చట్టం సమయంలో చాలా ఉమ్మడి కుటుంబాలు పంపకాలు చేసుకున్నాయి. ఆ కాగితాలు కూడా చూడండి. మీకు అత్తలు ఉన్నారు కాబట్టి వాటాలు ఎవరెవరివో కూడా లాయర్‌కి చూపించుకోండి. 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ హక్కు ఇచ్చారు, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఊళ్లో ఉన్న పెద్దత్త సంతకం లేకుండా వ్యాపారికి మాటివ్వడం మంచిది కాదు.

కౌశికతీరం
దొరికింది! దేవుడి గది అటక మీద రేకు పెట్టెలో ముత్తాత, ఆయన తమ్ముడు పంచుకున్న దస్తావేజు ఉంది, 1920ల నాటిది. అందులో "తాటాకు ఇల్లు, పెంకుల ధాన్యపు కొట్టు, నుయ్యి" అని స్పష్టంగా రాసి ఉంది. అంటే లోగిలి 1932దే. కొట్టు అంతకు ముందుది.

అసలు విషయం పెద్దత్త చెప్పింది. ముత్తాత బర్మాలోని రంగూన్‌లో చాలా ఏళ్లు కూలీల మేస్త్రీగా ఉన్నారట. అక్కడ గొడవలయ్యాక వచ్చేశారట. ఆ టేకు కూడా అక్కడిదే అంటుంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో అందరం ఇది పొలం మీద వచ్చిన డబ్బుతో కట్టిన ఇల్లనే చెప్పుకుంటున్నాం.

గోదారిగట్టు
నాకు ఇప్పుడు మీ ఇల్లు అర్థమవుతోంది. 1932లో ఇంత ఇల్లు ఎలా కట్టారా అని నాలో నేనే అనుకుంటున్నాను. అప్పుడు ప్రపంచమంతా మాంద్యం, ధాన్యం ధరలు పడిపోయి డెల్టా రైతు శిస్తు కట్టలేక అప్పుల్లో ఉన్నాడు. పొలం మీద డబ్బుతో ఆ ఏడాది లోగిలి లేపడం మామూలు విషయం కాదు.

కాకినాడ, విశాఖపట్నం నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. ఇక్కడి నుంచి వేల మంది అక్కడ ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లారు. వాళ్లని తీసుకెళ్లి, అడ్వాన్సులిచ్చి, కూలి పంచేవాడు మేస్త్రీ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా వాళ్లకీ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి, చాలామంది చనిపోయారు, ఎంతోమంది తిరుగు ఓడ ఎక్కారు. మీ పెద్దత్త చెప్పిన గొడవలు అవే అయి ఉంటాయి. 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడైతే నడిచి వచ్చినవాళ్లే ఎక్కువ, కానీ అప్పటికి మీ ఇల్లు కట్టి పదేళ్లు.

మన జిల్లాల చరిత్రలో బర్మా అధ్యాయం చాలా పెద్దది. దాని గుర్తులు మాత్రం చాలా తక్కువ. మీ పన్నెండు స్తంభాలు అందులో ఒకటి. వాటిని విడదీస్తే మామూలు టేకు దుంగలు.

లంకపొలం
ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా తాత కోనసీమలోనే ఇలాంటి ఒక లోగిలికి పాలేరు. చిన్నప్పటి నుంచి ముసలివాడయ్యేదాకా ఆ ఇంటి పశువులు చూశాడు, పురులు కట్టాడు. మండువాలోకి ఆయన ఏనాడూ అడుగుపెట్టలేదు. అన్నం శాల దగ్గరే పెట్టేవారు. మా వాళ్లకి ఆ ఇంటి చరిత్ర అంటే పెరటి గుమ్మం చరిత్ర.

కౌశికతీరం గారూ, మీ ఇంటి మీద నాకు కోపం లేదు, కూలగొట్టమని అననూ అనను. కానీ "వారసత్వం" అని రాసేటప్పుడు మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని రంగూన్ వెళ్లినవాళ్లు ఎవరు, తిరిగి రానివాళ్లు ఎవరు, ఇక్కడ ఇటుక మోసిందెవరు, ఆ తలుపు మీద గీతలు గీసే పక్కన ధాన్యం కొలిచిందెవరు అన్నవి కూడా రాయండి. మీ ఊళ్లో ఆ కుటుంబాల వాళ్లు ఉంటారు. వాళ్లని అరుగు మీద కాదు, లోపల కూర్చోబెట్టి అడగండి.

పురి ఎలా కట్టాలో మా తాత నాకు చూపించాడు. వరిగడ్డిని వెంటిగా పేనుతూ దిమ్మ మీద గుండ్రంగా చుట్టుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పైకి లేపాలి. వెంటి వదులైతే పొట్ట ఒకవైపు ఉబ్బి విచ్చుకుంటుంది. పైన గడ్డి టోపీ లాగా కప్పుతారు. చివర్లో పేడతో అలుకుతారు. ఇప్పుడు కోత మిషన్ వస్తే పొడుగు గడ్డి చేతికి రాదు, ధాన్యం కళ్లంలోంచే లారీ ఎక్కుతుంది. పురి అవసరమూ పోయింది, దానికి కావాల్సిన గడ్డీ పోయింది.

కౌశికతీరం
లంకపొలం గారూ, మీరు రాసింది మా ఇంటి వాళ్లందరికీ ఫార్వర్డ్ చేశాను. రెండు రోజులు గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా పెదనాన్న ఫోన్ చేసి, తన చిన్నతనంలో శాల చూసిన పాలేరు కుటుంబం పక్క వీధిలోనే ఉందని, వాళ్ల ముసలావిడకి ఇంకా అన్నీ గుర్తున్నాయని చెప్పారు. ఆవిడని కలవడానికి నేను, పెద్దత్త కలిసి వెళ్తున్నాం. మీకు వీలైతే పురి కట్టడం వీడియో తీసుకోనివ్వండి. గడ్డి మేం చేత్తో కోయించి ఉంచుతాం.

లంకపొలం
తప్పకుండా అండీ. తుఫానుకి పడిపోయిన గడ్డి పనికిరాదు, నిలువుగా ఉన్న చేనులోది కోయించండి. బాగా ఎండాలి. చేతులకి అలవాటు తప్పింది, మా మావయ్యని కూడా తీసుకొస్తాను. ఆయనకి నాకన్నా బాగా వచ్చు.

శాన్‌హోజె_తెలుగు
నేను ముందు చెప్పిన మాట మీద నిలబడతాను, డబ్బు పెట్టే మనిషి లేకపోతే ఏదీ నిలవదు. కానీ ఇదంతా చదివాక మా ఇంటి కాగితాలు వెతకమని చెల్లెలికి చెప్పాను. కప్పు పోయినా కొట్టు గోడలు ఇంకా ఉన్నాయి. కౌశికతీరం గారూ, ప్రభుత్వం రక్షిత కట్టడంగా తీసుకునే అవకాశం ఉందా?

సున్నంగానుగ
దాని మీద ఆశ పెట్టుకోవద్దని చెప్తాను. కేంద్ర చట్టం 1958ది, వందేళ్లు నిండిన కట్టడాలకే వర్తిస్తుంది. రాష్ట్ర చట్టం 1960ది. ఇవి గుళ్లు, కోటలు, బౌద్ధ స్థలాలని దృష్టిలో పెట్టుకున్నవి. తెలంగాణలో 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. అయినా ఎక్కడైనా సరే, జనం కాపురముంటున్న రైతు ఇంటిని ప్రభుత్వం తీసుకుని నిలబెడుతుందని అనుకోవడం కష్టం. 1984లో పెట్టిన ఇంటాక్ సంస్థ ఇలాంటి ఇళ్ల జాబితాలు తయారుచేస్తుంది, సలహా ఇస్తుంది. అడిగి చూడండి. భారం మాత్రం ఇంటివాళ్లదే.

కౌశికతీరం
నిన్న తొమ్మిది మందిమీ మాట్లాడుకున్నాం. వ్యాపారికి ఇప్పుడు ఇవ్వం అని చెప్పేశాం. ఇద్దరికి ఇంకా ఇష్టం లేదు, వాళ్లకి స్థలంలో వాటా కొబ్బరితోట వైపు సర్దుతాం. మిగతా ఏడుగురం ఏటా కొంత వేసుకుంటాం. పెద్దత్త అక్కడే ఉంటుంది. ముందు కొట్టు, తర్వాత మండువా కప్పు బాగు చేయిద్దామని అనుకున్నాం. ఊరి మేస్త్రి మాత్రం గోడలన్నీ సిమెంటుతో పూసేస్తే వందేళ్లు చూడక్కర్లేదు అంటున్నాడు. నిజమేనా?

సున్నంగానుగ
పొరపాటున కూడా చేయించకండి. ఆ గోడ సున్నం గోడ. నేలలోంచి ఎక్కిన తడి సున్నం గుండా మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి ఇంకా పైకి ఎక్కుతుంది, చివరికి దూలం కొస గోడలో కూర్చున్న చోటికి చేరుతుంది. బయటికి గోడ నున్నగా ఉంటుంది, లోపల దూలం పుచ్చుతుంది. పడిన చోట మాత్రం సున్నంతోనే పూయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రి గుడి పనుల దగ్గర దొరుకుతాడు, అక్కడ వాకబు చేయండి.

మొదట కొట్టు కాదు, మండువాతో మొదలుపెట్టండి. నాలుగు వైపులా కప్పు మండువాలోకే వాలి ఉంటుంది కాబట్టి వాన మొత్తం అక్కడే పడుతుంది. కప్పు వాలులు కలిసే ఆ నాలుగు మూలల్లో నీరు ఎక్కువ పారుతుంది, ముందు పోయేవి ఆ మూల వాసాలే. నిచ్చెన వేసి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. సులువుగా దిగితే ఆ కర్ర మార్చాలి. మార్చేటప్పుడు ఏ కర్ర ఎక్కడిదో సుద్దతో నంబరు వేసి ఫొటో తీశాకే విప్పించండి.

ఆపైన మండువా అడుగున ఉన్న తూము చూడండి. చాలా ఇళ్లలో ఇది పూడుకుపోయి ఉంటుంది, పైన రాయి వేసి మర్చిపోతారు. ఒక బిందె నీళ్లు పోసి అవి పెరటి వైపు ఎక్కడ తేలుతున్నాయో చూడండి. తేలకపోతే నైరుతి వానలు దిగేలోపు బాగు చేయించాలి. కొలతలు తీయడానికి నేనూ వస్తాను, ఏ వారం వీలవుతుందో చెప్పండి.